రాజ్యాంగానికి చేసిన ప్రమాణం: అడ్మిరల్ రామ్‌దాస్ జీవితం మనకు చెప్పేది

(అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రామ్‌దాస్ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ ఏర్పాటు చేస్తున్నామని తెలిసి మా మిత్రులు కొందరు ఒక సందేహం వెలిబుచ్చారు. వక్ఫ్ ఆస్తుల గురించి, ఉపకార వేతనాల గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడవలసిన మనం ఒక నౌకాదళ అధిపతి జీవితం గురించి మాట్లాడటం దేనికి, ఆయన మన సమాజానికి చెందినవారు కూడా కాదు గదా అని అడిగారు. ఆ సందేహానికి సమాధానం ఒక తల్లి మాటతో మొదలుపెడతాము.

కొన్ని నెలల క్రితం ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చింది. అతడు ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివాడు. నౌకాదళంలో అధికారి కావాలని అతని కోరిక. దరఖాస్తు నింపడంలో సాయం కోరాడు, చేశాము. ఆ పని జరిగినంతసేపూ తల్లి మాట్లాడకుండా కూర్చుంది. లేచి వెళ్లే ముందు గుమ్మం దగ్గర నిలబడి, "మావాణ్ణి తీసుకుంటారా భయ్యా? తీసుకున్నా నమ్ముతారా?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉంది. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలలో పౌరులందరికీ సమానావకాశం కల్పించింది, పరీక్షలో నెగ్గితే తీసుకోక తప్పదు. రెండవ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ జవాబు వెతుకుతూ వెళ్లినప్పుడు మాకు ఎదురైన జీవితం అడ్మిరల్ రామ్‌దాస్‌ది.

ఆయన 1933 సెప్టెంబరు 5న బొంబాయిలోని మాతుంగాలో జన్మించారు. చదువు ఢిల్లీలో సాగింది. 1949లో డెహ్రాడూన్ సమీపంలోని క్లెమెంట్ టౌన్‌లో ఉన్న సైనిక శిక్షణాలయంలో చేరారు. త్రివిధ దళాల విద్యార్థులకు ఉమ్మడి శిక్షణ ఇచ్చే ఆ సంస్థే తరువాత ఖడక్‌వాస్లాలో జాతీయ రక్షణ అకాడమీగా స్థిరపడింది. 1953 సెప్టెంబరులో ఆయన నౌకాదళ అధికారి అయ్యారు. సమాచార సంకేతాల విభాగంలో ప్రావీణ్యం సంపాదించారు.

ఆయన చేరిన నౌకాదళం ఎటువంటిదో ఇక్కడ ఒక్కమాట చెప్పుకోవాలి. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని 'తల్వార్' శిక్షణ కేంద్రంలో నావికులు తిండి బాగులేదని, తెల్ల అధికారులు జాతి పేరెత్తి దూషిస్తున్నారని సమ్మె కట్టారు. అది కరాచీకి, కలకత్తాకు, మద్రాసుకు, విశాఖపట్నానికి పాకింది. ఆ సమ్మె సంఘానికి అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్. నావికులు తమ ఓడలపై కాంగ్రెస్, ముస్లిం లీగ్, కమ్యూనిస్టు పార్టీ జెండాలు మూడింటినీ కలిపి ఎగురవేశారు. దేశం రెండు ముక్కలు కావడానికి కేవలం పద్దెనిమిది నెలల ముందు ఒక ముస్లిం, ఒక సిక్కు కలిసి నడిపిన తిరుగుబాటు అది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నావికులను తిరిగి ఉద్యోగాలలోకి తీసుకోలేదు. ఆ ఉమ్మడి జెండాల జ్ఞాపకం మన చరిత్ర పుస్తకాలలోనూ ఒక మూలకు చేరిపోయింది. అయినా మన నౌకాదళపు వారసత్వంలో అదీ ఒక భాగమే.

రామ్‌దాస్ వివాహమాడినది లలితగారిని. ఆమె తండ్రి అడ్మిరల్ రామ్‌దాస్ కఠారి 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి అధిపతి అయ్యారు. ఆ పదవిని అందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. అప్పటిదాకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన పది సంవత్సరాల తరువాత కూడా, ఆ పదవిలో ఆంగ్లేయులే కొనసాగారు. కఠారిగారు 1983లో సికింద్రాబాదులో కన్నుమూశారు. అల్లుడు రామ్‌దాస్ కూడా నాలుగు దశాబ్దాల తరువాత అదే ఊరిలో తుదిశ్వాస విడిచారు. ఈ గడ్డతో ఆయన అనుబంధం అటువంటిది.

ఇక 1971 సంగతి. తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం సొంత ప్రజలపైనే దమనకాండ సాగించింది. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. అదే రాత్రి విశాఖపట్నం తీరానికి సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా విశాఖ సాగరతీరంలో కట్టిన స్మారకాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ యుద్ధంలో మన తూర్పు నౌకాశ్రేణి బంగాళాఖాతాన్ని దిగ్బంధించింది. చిట్టగాంగ్‌కు, ఇతర రేవులకు సముద్రమార్గాన సాయం అందకుండా, అక్కడి సైన్యం సముద్రమార్గాన తప్పించుకోకుండా కాపు కాసింది. ఆ శ్రేణిలోని యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. బియాస్‌కు సారథి కమాండర్ రామ్‌దాస్. శత్రువు మందుపాతరలు అమర్చిన నీటిలో ఓడను నడిపి, అనుమానిత నౌకలను అడ్డగించి, తీరంపై జరిగిన చర్యలకు అండగా నిలిచారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ సేవకు ప్రభుత్వం ఆయనకు వీరచక్రం ప్రదానం చేసింది.

ఈ విషయాన్ని గుర్తుంచుకోవలసిందిగా యువకులను ప్రత్యేకంగా కోరుతున్నాము. తరువాతి జీవితంలో ఆయన పాకిస్తాన్‌తో శాంతి కావాలన్నప్పుడు ఆ మాట అన్నది యుద్ధం ఎరుగని మనిషి కాదు. పాకిస్తాన్‌పై యుద్ధం చేసి గెలిచిన మనిషి.

అదే సంవత్సరం సరిహద్దుకు అవతల మరొక నావికాధికారి కథ జరిగింది. వైస్ అడ్మిరల్ సయ్యద్ మొహమ్మద్ అహ్సన్ మన హైదరాబాదులో పుట్టినవారు. విభజన తరువాత పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడి నౌకాదళానికి అధిపతి అయ్యారు. ఆపై తూర్పు పాకిస్తాన్ గవర్నరుగా ఉన్నారు. బెంగాలీ ప్రజలపై సైనిక బలం ప్రయోగించరాదని, రాజకీయ పరిష్కారమే మార్గమని ఆయన తమ ప్రభుత్వానికి చెప్పారు. వారు వినలేదు. 1971 మార్చిలో ఆయన ఆ పదవి నుండి తప్పుకొన్నారు. మార్చి 25 రాత్రి నుండి ఏమి జరిగిందో లోకానికి తెలుసు. యూనిఫారం వేసుకొన్న మనిషికి మనస్సాక్షి ఉండటం ఒక దేశానికో ఒక మతానికో ప్రత్యేకమైన గుణం కాదని చెప్పడానికే ఆయన పేరు తలచుకొన్నాము.

యుద్ధానంతరం రామ్‌దాస్ 1973 నుండి 1976 వరకు పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లోని మన రాయబార కార్యాలయంలో నౌకాదళ ప్రతినిధిగా పనిచేశారు. రెండు ప్రపంచ యుద్ధాల గాయాలు మోసిన యూరప్ దేశాలు ఒకదానితో ఒకటి సర్దుకుపోవడం అక్కడ ఆయన దగ్గరగా చూశారు. అంతకుముందు కొచ్చిలో నౌకాదళ అకాడమీని నెలకొల్పిన బాధ్యత ఆయనదే. తరువాత తూర్పు నౌకాశ్రేణికి నాయకత్వం వహించారు. కొచ్చి కేంద్రంగా గల దక్షిణ కమాండ్‌కు, విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు కమాండ్‌కు అధిపతిగా ఉన్నారు. 1990 నవంబరు 30న భారత నౌకాదళానికి 13వ అధిపతి అయ్యారు. 1993 సెప్టెంబరు 30న పదవీ విరమణ చేశారు.

అధిపతిగా ఆయన చేసిన పనులలో చరిత్రలో నిలిచేది ఒకటి ఉంది. 1992లో ఆయన హయాంలోనే నౌకాదళం వైద్య విభాగానికి వెలుపల తొలిసారిగా మహిళలను అధికారులుగా చేర్చుకొంది. విద్య, న్యాయ, సరఫరా విభాగాలలో వారికి చోటు దొరికింది. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మహిళా నౌకాధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆ తలుపును మొదట కదిలించినవారిలో రామ్‌దాస్ ఒకరు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత జరిగిన నాడు ఆయన ఆ పదవిలోనే ఉన్నారు. పదవిలో ఉన్న సైనికాధికారి దేశ రాజకీయాలపై బహిరంగంగా మాట్లాడరాదన్నది మన ప్రజాస్వామ్యపు మంచి నియమం. సైన్యం రాజకీయాలలోకి వచ్చిన దేశాలు ఏమయ్యాయో మన ఇరుగుపొరుగునే చూశాము. యూనిఫారంలో ఉన్నంతకాలం ఆ నియమాన్ని పాటించిన రామ్‌దాస్, యూనిఫారం విడిచిన తరువాత సాధారణ పౌరుడిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ తరువాతి ముప్ఫై సంవత్సరాలు ఆగలేదు.

పదవీ విరమణ తరువాత ఆయన మహారాష్ట్రలో అలీబాగ్ సమీపాన భాయిమాలా అనే పల్లెలో స్థిరపడ్డారు. శౌర్య పురస్కార గ్రహీతగా ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. దంపతులిద్దరూ అక్కడ వ్యవసాయం చేశారు. రాయ్‌గఢ్ జిల్లా రైతుల భూములను ప్రత్యేక ఆర్థిక మండలి కోసం తీసుకోబోయినప్పుడు ఆ రైతుల పక్షాన నిలబడ్డారు. కొంతకాలం ఆమ్ ఆద్మీ పార్టీకి అంతర్గత లోక్‌పాల్‌గా వ్యవహరించారు. పార్టీ లోపలి ప్రజాస్వామ్యం గురించి ప్రశ్నలు లేవనెత్తిన తరువాత 2015 మార్చిలో ఆ బాధ్యత నుండి ఆయనను తప్పించారు. ఎక్కడ ఉన్నా ఆయన అడగవలసినది అడిగారు.

1994లో భారత, పాకిస్తాన్ పౌరులు కొందరు కలిసి శాంతి, ప్రజాస్వామ్యాల కోసం ఒక ప్రజావేదికను ఏర్పరచారు. దాని భారత విభాగానికి రామ్‌దాస్ అధ్యక్షత వహించారు. పాకిస్తాన్ వైపు దానికి వెన్నెముకగా నిలిచినవారు ప్రముఖ పాత్రికేయుడు, మానవ హక్కుల ఉద్యమకారుడు ఐ.ఎ. రెహమాన్. ప్రభుత్వాలు మాట్లాడుకోని రోజులలో కూడా ఉపాధ్యాయులు, కళాకారులు, కార్మిక నాయకులు, మాజీ సైనికులు సరిహద్దు దాటి ఒకరినొకరు కలుసుకొనేటట్లు ఆ వేదిక కృషి చేసింది. 2004లో రామ్‌దాస్, రెహమాన్ ఇరువురికీ కలిపి రామన్ మెగసెసే పురస్కారం ఇచ్చారు. రామ్‌దాస్‌గారి ఇంటిలోనూ ఆ సరిహద్దు చెరిగిపోయింది. ఆయన కుమార్తెలలో ఒకరు పాకిస్తాన్‌కు చెందిన వ్యక్తిని వివాహమాడారు. ఆ విషయాన్ని ఆయన దాచలేదు, దానికి సంజాయిషీ చెప్పుకోనూ లేదు.

శాంతి మాట మన తెలుగువారికి ఎంత దగ్గరిదో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల కుటుంబాలను అడిగితే చెబుతారు. సొంత తీరంలో బతుకుతెరువు చాలక ఆ యువకులు గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి పడవలపై కూలికి చేరుతారు. 2018లో అటువంటివారిని పాకిస్తాన్ అధికారులు సముద్రంలో పట్టుకొన్నారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన గడ్డపై అడుగుపెట్టారు. నీటిమీద గీత కనబడదు. వలవేసే కూలివానికి సర్ క్రీక్ వివాదం తెలియదు. రెండు దేశాల చెరసాలలలో మగ్గే ఇటువంటి మత్స్యకారుల విడుదల కోసం ఆ ప్రజావేదిక సంవత్సరాల తరబడి పనిచేసింది. ఒకనాడు సముద్రంలో ఓడలను అడ్డగించిన అధికారి, ఆ సముద్రంలో పట్టుబడిన పేదల విడుదల కోరే ఉద్యమంలో నిలిచాడన్నమాట.

1998లో రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపాయి. వీధులలో మిఠాయిలు పంచుకొన్నారు. రామ్‌దాస్ అణ్వాయుధాలను వ్యతిరేకించారు. అణ్వాయుధం తాకితే సైనికుడు, పసిబిడ్డ అన్న తేడా ఉండదని, దానితో గెలుపనేది లేదని ఆయన వాదన. సముద్రంపై యుద్ధాన్ని లెక్కలతో సహా చదువుకొన్న మనిషి నోట ఆ మాటకు ప్రత్యేకమైన బరువు ఉంది. దేశంలోని అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమంతో చివరిదాకా కలిసి నడిచారు.

ఇప్పుడు మనకు నేరుగా సంబంధించిన విషయానికి వస్తున్నాము.

2015 సెప్టెంబరు 28 రాత్రి ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి దగ్గర బిసాడా గ్రామంలో గోమాంసం ఇంట్లో ఉందన్న పుకారుతో ఒక గుంపు మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపింది. ఆయన కుమారుడు ఆనాటికి భారత వైమానిక దళంలో ఉద్యోగి. కొడుకు దేశపు ఆకాశాన్ని కాపాడే కొలువులో ఉండగా తండ్రి సొంత ఊరిలో సొంత ఇంటిలో ప్రాణం కోల్పోయాడు. మా కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడిన ఆ తల్లి అడిగిన రెండవ ప్రశ్న వెనుక ఈ సంఘటన ఉన్నదని మాకు తోచింది.

ఆ తరువాత కొద్ది వారాలకే రామ్‌దాస్ రాష్ట్రపతికి, ప్రధానమంత్రికి ఒక బహిరంగ లేఖ రాశారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. తాను హిందువుగా పుట్టి పెరిగాననీ, తాను ఎరిగిన హిందూ ధర్మం సౌమ్యమైనదీ అందరినీ కలుపుకొనేదీ అనీ అందులో చెప్పారు. నేడు దేశంలో జరుగుతున్నదానికి సిగ్గుతో తల వంచుకోవలసి వస్తున్నదన్నారు. ముస్లింలను, దళితులను, ఆదివాసులను వివక్షకు గురిచేయడాన్ని, ముస్లిం పౌరులు పదేపదే తమ విధేయతను నిరూపించుకోవలసిన స్థితిని ఆయన నిర్మొహమాటంగా తప్పుపట్టారు. పదవి కోసమో ఎన్నిక కోసమో రాసిన లేఖ కాదది. ఆ వయసులో ఆయనకు వాటితో పనిలేదు.

2019 మార్చిలో, పుల్వామా, బాలాకోట్ సంఘటనల తరువాత, సైనికుల చిత్రాలు ఎన్నికల గోడపత్రాలపైకి ఎక్కాయి. సైన్యాన్ని ఎన్నికల ప్రచారానికి వాడుకోకుండా చూడాలని రామ్‌దాస్ ఎన్నికల సంఘానికి లేఖ రాశారు. ఆ రోజులలోనే ఎన్నికల సంఘం పార్టీలకు ఆ మేరకు సూచన జారీ చేసింది.

2021 డిసెంబరు 17 నుండి 19 వరకు హరిద్వార్‌లో జరిగిన ఒక సభలో ముస్లింల ఊచకోతకు బాహాటంగా పిలుపునిచ్చారు. ఆ నెలాఖరున నౌకాదళ మాజీ అధిపతులు నలుగురు, వైమానిక దళ మాజీ అధిపతి ఒకరు, మరెందరో మాజీ సైనికాధికారులు, పౌరులు కలిసి రాష్ట్రపతికి, ప్రధానికి లేఖ రాశారు. ఆ నలుగురిలో ఎనభై ఎనిమిదేళ్ల రామ్‌దాస్ ఒకరు. ఇటువంటి పిలుపులు దేశంలోపల శాంతిని భగ్నం చేస్తాయనీ, బయటి శత్రువులకు బలమిస్తాయనీ, అన్ని మతాలవారు కలిసి పనిచేసే సైనిక, పోలీసు బలగాల ఐక్యతను దెబ్బతీస్తాయనీ ఆ లేఖ హెచ్చరించింది.

మిత్రులారా, ఈ లేఖలు రాష్ట్రపతికి వెళ్లడంలో ఒక అర్థం ఉన్నది. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రక్షణ బలగాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతిదే. నౌకాదళంలో చేరే ప్రతి ఒక్కరూ చేసే ప్రమాణం భారత రాజ్యాంగానికి విధేయుడనై ఉంటానని చేసేది. ఆ ప్రమాణం ఏ పార్టీకీ, ఏ ప్రభుత్వానికీ, ఏ మతానికీ చేసేది కాదు. రామ్‌దాస్ పదిహేనేళ్ల వయసులో ఆ బాట పట్టారు. యూనిఫారం విప్పినంత మాత్రాన ప్రమాణం చెల్లిపోదని ఆయన నమ్మారు. రాజ్యాంగం పౌరులందరికీ ఇచ్చిన రక్షణ కొందరికి దూరమవుతుంటే మాట్లాడకపోవడం ఆ ప్రమాణాన్ని మీరడమే అవుతుందని ఆయన ఆచరణ చెబుతున్నది.

ఇక్కడ మన గురించి మనం ఒక నిజం ఒప్పుకోవాలి. మన విధేయతను ఎవరైనా శంకించినప్పుడల్లా మనం పేర్లు చదువుతాము. 1948లో కాశ్మీరులో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్, 1965లో శత్రువు ట్యాంకులను పేల్చి పరమవీరచక్రం పొందిన అబ్దుల్ హమీద్, మన హైదరాబాదులో పుట్టి 1978 నుండి 1981 వరకు వైమానిక దళాధిపతిగా ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ పేర్లు. వారు మనకు గర్వకారణం. అయితే వారి సమాధులను మన గుర్తింపు కార్డులుగా చూపించుకోవడం వారికి గౌరవం కాదు. ఉస్మాన్ తన కోట్ల మంది సహమతస్థులకు యోగ్యతాపత్రం సంపాదించడానికి ప్రాణమివ్వలేదు. తాను కాపాడవలసిన నేలను కాపాడుతూ ఇచ్చాడు. పౌరసత్వం ఒకరి త్యాగంతో మరొకరికి లభించే బహుమానం కాదు. త్యాగం చేయని సామాన్యుడికి, రిక్షా తొక్కేవాడికి, పండ్లు అమ్మేవాడికి కూడా అది సంపూర్ణంగా చెందుతుంది. రామ్‌దాస్ లేఖలో మనకు అన్నిటికన్నా విలువైనది ఇదే. ఆయన ముస్లింలు విధేయులేనని సాక్ష్యం చెప్పడంతో ఆగలేదు. అసలు ఆ పరీక్ష పెట్టడమే తప్పన్నారు.

అలాగని సైనిక బలగాలలో మన స్థానం గురించి అడగవద్దని మా ఉద్దేశం కాదు. 2006 నవంబరులో సమర్పించిన సచార్ సంఘం నివేదికలో బ్యాంకుల, రైల్వేల, పోలీసుల వివరాలున్నాయి. త్రివిధ దళాల వివరాలు లేవు. సంఘం అడిగితే పెద్ద దుమారం లేచింది, లెక్కలు నివేదికలోకి రాలేదు. ఎందరున్నారో లెక్క తెలియకుండా తక్కువ ఎందుకున్నారని చర్చించడం ఎలా సాధ్యం? ఈ ప్రశ్న అడగడం సైన్యాన్ని మతం పేరున చీల్చడం కాదు, సమానావకాశం అమలవుతున్నదో లేదో తెలుసుకోవడం.

ఇక మనం చేయవలసిన పనులు మూడు ఉన్నాయి.

మొదటిది, మన పిల్లలను ఆ తలుపుల దాకా తీసుకువెళ్లడం. విజయనగరం జిల్లాలోని కోరుకొండలో, రాయలసీమలోని కలికిరిలో సైనిక్ పాఠశాలలు ఉన్నాయి. ఆరవ తరగతిలో, తొమ్మిదవ తరగతిలో ప్రవేశ పరీక్షలు జరుగుతాయి. ఇంటర్మీడియట్ తరువాత జాతీయ రక్షణ అకాడమీ పరీక్షను యూపీఎస్సీ సంవత్సరానికి రెండుసార్లు నిర్వహిస్తుంది. నౌకాదళం కోరేవారికి గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి. మా దగ్గరకు వచ్చే పిల్లలలో చాలామందికి ఈ సంగతులు పద్దెనిమిదేళ్లు దాటిన తరువాత తెలుస్తున్నాయి. అప్పటికి వయసు మించిపోతున్నది. ప్రతి మొహల్లాలోనూ తొమ్మిదవ తరగతి పిల్లల పేర్లు రాసుకొని, వారి తల్లిదండ్రులను కలిసి చెప్పే పని ఈ సభ నుండే మొదలుకావాలి.

ఆడపిల్లల గురించి కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు 2021లో ఆదేశించిన తరువాత జాతీయ రక్షణ అకాడమీలోకి వారికీ ప్రవేశం వచ్చింది. తొలి జట్టులోని 17 మంది యువతులు 2025 మే నెలలో శిక్షణ ముగించి బయటకు వచ్చారు. ఒక అడ్మిరల్ 1992లో నౌకాదళపు తలుపు కదిలించాడు. మన ఇంటి తలుపు మనం తెరిచామా అని ప్రతి తండ్రీ తనను తాను ప్రశ్నించుకోవాలి. హక్కుల కోసం బయట గొంతెత్తి, ఇంట్లో కూతురి దరఖాస్తును చించివేస్తే ఆ గొంతుకు విలువ ఉండదు.

రెండవది, రామ్‌దాస్ లాగా రాయడం నేర్చుకోవడం. ఆయన ఆవేదన చెందారు, కాని దూషించలేదు. జరిగినదేమిటో, అది ఏ ప్రమాణానికి విరుద్ధమో, ఎవరు ఏమి చేయాలో చెప్పి, కింద సంతకం చేసి, చేరవలసిన చిరునామాకు పంపారు. మన ఊరిలో ఖబరస్థాన్ ఆక్రమణ జరిగినా, అద్దెకు ఇల్లు నిరాకరించినా, పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోయినా మనం వాట్సాప్‌లో కోపం పంచుకొని ఊరుకొంటున్నాము. తేదీ, స్థలం, సాక్షి, చట్టం సెక్షను ఉన్న ఒక పుట అర్జీ వెయ్యి వాట్సాప్ సందేశాలకన్నా ఎక్కువ దూరం వెళుతుంది.

మూడవది, మన గాయం కానిచోట కూడా మాట్లాడటం. ఆయన ముస్లిం కాడు, మనకోసం మాట్లాడారు. రైతుల కోసం, మత్స్యకారుల కోసం మాట్లాడారు. మనం ఎన్నిసార్లు దళితవాడ కోసం మాట్లాడాము? ఆదివాసీ గూడెం ఖాళీ చేయిస్తుంటే ఎన్నిసార్లు వెళ్లాము? సరిహద్దుకు అవతల హిందువుల, క్రైస్తవుల, అహ్మదీయుల మీద దాడి జరిగినప్పుడు ఎంత స్పష్టంగా ఖండించాము? హక్కు మనది అయినప్పుడే గుర్తుకువస్తే అది హక్కుల ఉద్యమం కాదు, మన వాటా కోసం బేరం మాత్రమే.

అడ్మిరల్ రామ్‌దాస్ 2024 మార్చి 15న సికింద్రాబాదులోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన వయసు 90. అది రంజాన్ నెలలో మొదటి శుక్రవారం. మన మసీదులు జనంతో నిండి ఉన్న ఆ రోజున, మన నగరపు మరో చివర మనకోసం మాట్లాడిన ఒక వృద్ధుడు వెళ్లిపోతున్న సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసి ఉంటే వారి కుటుంబాన్ని పరామర్శించి ఉండేవాళ్లం. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ సభ.

చివరిగా ఆ తల్లి విషయం. ఆమె కుమారుడు పరీక్ష రాశాడు, ఫలితం ఇంకా రావలసి ఉంది. ఆమెకు చెప్పవలసిన జవాబు ఇప్పుడు మా దగ్గర ఉంది. అమ్మా, అందరూ నమ్ముతారని మేము నీకు హామీ ఇవ్వలేము. కాని నీ కొడుకు ప్రమాణం చేసేది రాజ్యాంగానికి. ఆ ప్రమాణమే చేసి, ఆ దళానికే అధిపతి అయి, యుద్ధంలో వీరచక్రం పొందిన ఒక మనిషి ఎనభై ఏళ్లు దాటిన వయసులో నీ కొడుకును విధేయత నిరూపించుకోమని అడగడం అన్యాయమని రాసి సంతకం చేశాడు. నీ కొడుకు తల ఎత్తుకొని వెళ్లవచ్చు. అతనికి ఆ పరీక్ష పెట్టేవారిని ప్రశ్నించే పని మా అందరిదీ.

 జై హింద్.